తపసి జిగురు కథ: గొడ్డలి గాటు నుంచి గ్రామసభ దాకా



ఈ సంచికలో మన పోరాటాల గురించి, పండుగల గురించి, మన భాషల గురించి పెద్దలు చాలామంది రాసి ఉంటారు. నేను ఒక చెట్టు గురించి రాయదలిచాను. చెట్టుకు చరిత్ర ఏమిటని నవ్వకండి. మన తాతల బతుకు ఎలా సాగిందో, వాళ్ల చేతిలోని గొడ్డలి ఎవరి లెక్క ప్రకారం లేచిందో తెలుసుకోవాలంటే ఈ చెట్టు మొదలు మీదున్న గాట్లు చూస్తే చాలు.

దాని పేరు తపసి. కొన్నిచోట్ల తబసి అంటారు. బళ్లో చదివిన వాళ్లకు శాస్త్రీయ నామం కావాలంటే స్టెర్క్యులియా యూరెన్స్. నీళ్లు నిలవని రాతి కొండల మీద, వేరే చెట్టు నిలదొక్కుకోలేని చోట ఇది నిలబడుతుంది. బెరడు తెల్లగా ఉండి, కాగితంలా పొరలు పొరలుగా ఊడుతుంది. చలికాలంలో ఆకు రాల్చేసి, మోడు మీదే పూత పూస్తుంది. వెన్నెల రాత్రి కొండ వాలు మీద చూస్తే తెల్లటి మనిషి నిలబడినట్టు ఉంటుంది. కాయల మీద నూగు తగిలితే దురద పుడుతుంది కాబట్టి పిల్లలు దూరంగా ఉంటారు, గింజలు మాత్రం వేయించుకుని తింటారు. నల్లమల చెంచుల నుంచి గోదావరి ఒడ్డు కొండరెడ్లు, కోయల దాకా, అక్కడి నుంచి విశాఖ మన్యం దాకా ఈ చెట్టును ఎరగని ఆదివాసీ ఇల్లు ఉండేది కాదు.

చెట్టుకు గాయం చేస్తే జిగురు కారుతుంది. ఆ జిగురే ఈ కథంతా.

కొండ మీది జిగురు, సముద్రం అవతలి మందు

తపసి జిగురును నీళ్లలో వేస్తే తన పరిమాణానికి అరవై రెట్లకు పైగా ఉబ్బుతుంది. పేగుల్లోకి వెళ్లినా అరగదు, ఉబ్బి విరేచనం సాఫీగా అయ్యేలా చేస్తుంది. అందుకే మలబద్ధకం మందుల్లో వాడతారు. కట్టుడు పళ్లు చిగుళ్లకు అతుక్కునే పొడిలో వాడతారు. పేగు ఆపరేషన్ అయి, కడుపు మీద సంచి తగిలించుకోవాల్సిన రోగులకు ఆ సంచి చుట్టూ చర్మం పుండు పడకుండా ఉంచే పట్టీల్లోనూ ఇదే వాడారు. ఐస్‌క్రీములు, సాస్‌లు చిక్కబడడానికి కలుపుతారు. ప్యాకెట్ల మీద ఇ416 అని కనబడితే అది మన తపసి జిగురే.

ఈ గిరాకీ మొదట దొంగదారిన వచ్చింది. యూరప్, అమెరికా మందుల కంపెనీలు ఇరాన్ కొండల నుంచి వచ్చే ట్రాగకాంత్ అనే ఖరీదైన జిగురు వాడేవి. వ్యాపారులు అందులో కల్తీ చేయడానికి భారతదేశపు చవక జిగురు కలిపారు. కొన్నాళ్లకు ఈ కల్తీ సరుకే కొన్ని పనులకు అసలు దానికంటే బాగుందని తేలింది. ఇరవయ్యో శతాబ్దం మొదటి దశాబ్దాల తర్వాత 'గమ్ కరయా' అనే పేరుతో అది సొంతంగా నిలబడింది. చాలాకాలం పాటు ప్రపంచంలో ఈ జిగురు ఎక్కువగా వచ్చింది మన దేశం నుంచే. మన దేశంలో పేరు మోసిన సరుకు ఆంధ్ర, తెలంగాణ అడవుల్లోది.

కానీ జిగురు ఏరిన మనిషికి ఇవేవీ తెలియవు. సంతలో తూకం వేసి ఇచ్చినదానికి ఉప్పు, కిరసనాయిలు, గుడ్డముక్క దొరికితే చాలనుకున్నాడు. ఆ జిగురు ఎక్కడికి పోతుందో, ఎవరి కడుపులో పడుతుందో, అక్కడ దాని ధర ఎంతో అడిగే వీలు అతనికి లేదు. తను కొట్టే చెట్టు ఎంత విలువైనదో తెలియనివాడికి దాన్ని కాపాడుకోవాలన్న ఆలోచన ఎక్కడి నుంచి వస్తుంది?

అడవి ఎవరిది అన్న ప్రశ్న

ఇక్కడ కొంచెం వెనక్కి వెళ్లాలి. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. అప్పటిదాకా మన ఊళ్ల చుట్టూ ఉన్న కొండలు రిజర్వు అడవులు కావడం మొదలైంది. కట్టె కొట్టడం, పోడు చేయడం, గడ్డ తవ్వడం అన్నీ పర్మిట్లు, జరిమానాల కిందికి వచ్చాయి. దానికి మూడేళ్ల ముందే, 1879లో, కల్లు గీతపై పన్ను, మున్సబుదారు దోపిడీ భరించలేక రంప ప్రాంతం తిరగబడింది. ఒక్క చెట్టు గీసుకోవడం మీద పెట్టిన పన్ను ఎంత మంట పెట్టిందో గమనించండి. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు నాయకత్వంలో చింతపల్లి పోలీసు స్టేషన్ మీద దాడి జరిగినప్పుడు దాని వెనుక ఉన్నది కూడా అడవి ఆంక్షలు, పోడు నిషేధం, ఘాట్ రోడ్ల మీద వెట్టి కూలీ. నైజాం వైపు 1940లో జోడేఘాట్‌లో కొమురం భీం ప్రాణం ఇచ్చింది కూడా జల్ జంగల్ జమీన్ కోసమే. ఇవన్నీ మీకు తెలిసినవే.

మనం తక్కువగా మాట్లాడుకునేది ఇంకొకటి ఉంది. రిజర్వు చేసిన అడవిలోని చిన్నతరహా ఉత్పత్తులను సర్కారు వేలం వేసేది. జిగురు, కరక్కాయ, ఉసిరి, కుంకుడు, తేనె ఏదైనా సరే. పాట పాడుకున్న గుత్తేదారుకు కొద్ది కాలానికి హక్కు. ఆ కాలంలో పెట్టిన డబ్బుకు పదింతలు రాబట్టుకోవాలి. గుత్త అయిపోయాక ఆ కొండ మీద చెట్టు బతికిందో చచ్చిందో అతనికి పట్టదు. అతను తన మనుషులను పంపి "ఇంకా లోతుగా కొట్టు, ఇంకా పెద్దగా కొట్టు" అన్నాడు. కొట్టింది మనవాళ్లే, కొట్టించింది మాత్రం ఆ లెక్క.

"అడవిని నాశనం చేసింది ఆదివాసీలే" అని మీకు కాలేజీలో ఎవరైనా చెబితే ఈ వేలం పాట సంగతి అడగండి. ఎవరి చేతిలో గొడ్డలి ఉందన్నది ఒక ప్రశ్న, ఆ గొడ్డలికి గడువు ఎవరు పెట్టారన్నది ఇంకో ప్రశ్న. 1940ల్లో చెంచుల గురించి, కొండరెడ్ల గురించి పుస్తకాలు రాసిన హైమెన్‌డార్ఫ్ కూడా అడవిలో పుట్టిన మనిషి సొంత అడవిలోనే వ్యాపారులకు అప్పుల కూలీగా మారిన తీరును నమోదు చేశాడు.

గొడ్డలి ఏం చేసింది

తపసి జిగురు రబ్బరు పాలలాంటిది కాదు, ఎప్పుడూ కాండంలో నిండి ఉండదు. గాయం తగిలినప్పుడు దాన్ని మూసుకోవడానికి చెట్టు పుట్టించుకునేది అది. గాటు పెట్టిన మొదటి ఇరవై నాలుగు గంటల్లో ఎక్కువగా కారుతుంది, తర్వాత కొన్ని రోజుల పాటు తగ్గుతూ వస్తుంది. అంటే మనం తీసుకుంటున్నది చెట్టు తన పుండుకు వేసుకుంటున్న మందు. ఈ ఒక్క మాట గుర్తుంటే మిగిలినదంతా తేలిగ్గా అర్థమవుతుంది.

పాత పద్ధతిలో గొడ్డలితో బెరడు చెక్కి, లోపలి చేవ తగిలేదాకా కొట్టేవారు. వెంటనే జిగురు బాగా వచ్చేది. రెండో వారం ఆ గాటును ఇంకా పెద్దది చేసేవారు. మూడోసారి చెట్టు అవతలి వైపు. కాండం చుట్టూ గాట్లు కలిసిపోతే వేరు నుంచి కొమ్మకు, కొమ్మ నుంచి వేరుకు దారి తెగిపోతుంది. మానని పుండులోకి వానాకాలంలో నీరు, బూజు, పురుగు చేరతాయి. లోపల గుల్లయిన చెట్టు పెద్ద గాలి వానకు నడుముకు విరిగి పడుతుంది. పచ్చి పుల్ల మీద, సన్నటి చిన్న చెట్ల మీద కూడా గాట్లు పెట్టినప్పుడు ఇక రేపటి చెట్టే లేదు.

ఇంకో దెబ్బ కంటికి కనబడనిది. తపసి గింజ ఎండాకాలంలో పండి రాలుతుంది. అదే కాలంలో అడవికి నిప్పు తగులుతుంది. మిగిలిన గింజల్ని మనమే ఏరుకుని తింటాం. మొలిచిన మొక్కను మేకలు తింటాయి. పెద్ద చెట్టు గాయంతో చస్తూ, చిన్న చెట్టు పుట్టకుండా పోతే ఏమవుతుందో చెప్పనక్కరలేదు. ఒకప్పుడు ఊరి వెనుక కొండ మీదే జిగురు దొరికిన పల్లెల వాళ్లు తర్వాత రెండు మూడు కొండలు దాటి, అడవిలోనే రాత్రుళ్లు పడుకుని ఏరుకోవాల్సి వచ్చింది.

బెరడుతో కలిసి మట్టి పట్టిన జిగురు ధర పలకదు. లోతుగా కొట్టిన గాటులోంచి వచ్చే జిగురుకు చెక్క ముక్కలు, బెరడు అంటుకుంటాయి. కాబట్టి చెట్టూ పోయింది, ధరా పోయింది. ఎక్కువ కొడితే ఎక్కువ వస్తుందనుకున్న లెక్క రెండు వైపులా తప్పింది.

1956 తర్వాత

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన ఏడాదే, 1956లో, విశాఖపట్నం కేంద్రంగా గిరిజన సహకార సంస్థ పుట్టింది. ఈనాడు మనమంతా జీసీసీ అని పిలిచేది దాన్నే. సావుకారు తూకంలో మోసం, అప్పుకు సరుకు కట్టబెట్టడం ఆపడమే దాని మొదటి పని. ఒక చేత్తో అటవీ ఉత్పత్తులు కొంటూ, ఇంకో చేత్తో డి.ఆర్. డిపోల్లో బియ్యం, ఉప్పు, నూనె అమ్మింది. 1979 రెగ్యులేషన్‌తో షెడ్యూల్డ్ ప్రాంతాల్లో చిన్నతరహా అటవీ ఉత్పత్తుల వ్యాపారం నియంత్రణలోకి వచ్చి, కొనే హక్కు ఈ సంస్థ చేతికి వచ్చింది. రాష్ట్ర విభజన తర్వాత తెలంగాణకు వేరే జీసీసీ ఉంది.

దీని మీద మన పెద్దల్లో రెండు రకాల మాటలు వింటాం. సావుకారు ఉరి తప్పించిందని కొందరు, ఒక్కడే కొనేవాడుంటే ధర వాడు చెప్పిందే కదా అని కొందరు. రెండూ నిజమే అంటాను. కానీ తపసి విషయంలో ఒక మేలు జరిగింది. మూడేళ్ల గుత్తేదారుకు లేని అవసరం దీనికి ఉంది: వచ్చే ఏడాది కూడా, ఆపై ఏడాది కూడా జిగురు రావాలి. సరుకు తగ్గిపోతోందని, వచ్చినది నాసిగా ఉందని ఎగుమతి వ్యాపారం మొత్తుకున్నప్పుడు ఇక కొండ మీద ఏం జరుగుతోందో చూడక తప్పలేదు.

1994లో విశాఖపట్నంలో కోవెల్ ఫౌండేషన్ ఏర్పడింది. జిగురు ఏరే గిరిజనుల కోసం, వాళ్లతోనే నడిచే ట్రస్టు అది. అక్కడ చేసిన పని మాయ కాదు, మంత్రం కాదు. గొడ్డలి పక్కన పెట్టి పదునైన చిన్న కత్తితో బెరడు మీదే పలుచగా, చిన్నగా గాటు పెట్టడం నేర్పారు. నేలకు కాస్త ఎత్తులో మొదలుపెట్టి, తర్వాతి గాటు దాని పైన మాత్రమే కొద్దికొద్దిగా పెంచాలి. సన్నచెట్టు జోలికి పోకూడదు, మూడడుగుల చుట్టుకొలత వచ్చిన చెట్టునే ముట్టుకోవాలి. కొన్నాళ్లు గీసిన చెట్టుకు కొన్నాళ్లు విశ్రాంతి ఇవ్వాలి. వానాకాలంలో గీయకూడదు. కారిన జిగురును నేల మీద కాకుండా శుభ్రంగా పట్టి, నీడలో ఆరబెట్టి, తెల్లటి తేటదాన్ని ఒక గ్రేడుగా, రంగు తిరిగినదాన్ని ఇంకో గ్రేడుగా వేరు చేయాలి.

నాకు ఇందులో అన్నిటికన్నా నచ్చిన సంగతి నేర్పినవాళ్లు ఎవరన్నది. శిక్షణ ఇచ్చినవాళ్లలో మన జిగురు ఏరేవాళ్లే ఉన్నారు. ఒక ఊరి చెంచు ఇంకో ఊరి చెంచుకు, ఒక కొండరెడ్డి ఇంకో కొండరెడ్డికి చెట్టు దగ్గర నిలబడి చూపించాడు. ఆఫీసు గదిలో బోర్డు మీద బొమ్మ గీసి చెబితే మనవాళ్లు తలూపి వచ్చేవారు, కొండ మీదకు వెళ్లాక మళ్లీ గొడ్డలే. పక్క ఊరి బావ తన చెట్టు మీద మానిన గాటు చూపించి, "చూడు, పైన మళ్లీ బెరడు కట్టింది" అంటే మాత్రం నమ్మారు. పైగా శుభ్రమైన జిగురుకు ఎక్కువ ధర వచ్చింది. తక్కువ గాటుకు ఎక్కువ డబ్బు అన్నది ఇంట్లో అక్కాచెల్లెళ్లకు కూడా అర్థమైన లెక్క. జిగురు శుభ్రం చేసి గ్రేడు విడదీసే పనిలో వాళ్ల చెయ్యే ఎక్కువ.

ఎథెఫాన్ అనే రసాయనం చెట్టుకు ఎక్కిస్తే జిగురు ఇంకా ఎక్కువ వస్తుందని శాస్త్రజ్ఞులు ప్రయోగాలు చేశారు. వస్తుంది కూడా. కానీ ఎక్కువ రాబట్టడమే లక్ష్యమైతే మళ్లీ గుత్తేదారు లెక్కకే వెళ్లినట్టు. మోతాదు తెలియని చేతుల్లోకి దాన్ని ఇవ్వడం నాకు ఇష్టం లేదు.

జిగురుకు ఉన్న అదృష్టం వేరుకు లేదు

తపసి కథలో కొంత ఊరట ఉంది, ఎందుకంటే గాటు మానుతుంది. వేరు మందుల సంగతి అలా కాదు. సర్పగంధి చూడండి.

మన గురువులు, నాటు వైద్యులు పాము కాటుకు, మతి చలించినవాళ్లకు, నిద్ర పట్టనివాళ్లకు ఈ వేరు వాడారు. 1931లో కలకత్తాలో గణనాథ్ సేన్, కార్తీక్ చంద్ర బోస్ రక్తపోటుకు, ఉన్మాదానికి ఇది పనిచేస్తుందని రాశారు. ఆ కాలంలోనే సలీముజ్జమాన్ సిద్దిఖీ దీని నుంచి ఔషధ పదార్థాలు వేరుచేశారు. 1949లో బొంబాయి డాక్టర్ రుస్తుం జాల్ వకీల్ తన రోగులకు ఇచ్చి చూసిన ఫలితాలను ఇంగ్లండు వైద్య పత్రికలో ప్రచురించారు. 1952లో స్విట్జర్లాండ్‌లోని సీబా కంపెనీ శాస్త్రజ్ఞులు దీని నుంచి రిసర్పిన్ వేరు చేశారు. ప్రపంచమంతా ఆ మాత్ర వెంట పడింది. రక్తపోటుకు వచ్చిన తొలి ఆధునిక మందుల్లో అది ఒకటి. పిచ్చాసుపత్రుల్లో వైద్యం తీరే మారింది.

మాత్ర అక్కడ తయారైతే తవ్వకం ఇక్కడ జరిగింది. సర్పగంధి మోకాలెత్తు మొక్క, మందంతా వేరులోనే ఉంది. వేరు తీస్తే మొక్క చచ్చినట్టే. కాయ పండి గింజ రాలకముందే తీస్తే దాని సంతానం కూడా చచ్చినట్టే. ఎగుమతుల మీద మన ప్రభుత్వం ఆంక్షలు పెట్టింది, అప్పుడు కంపెనీలు ఆఫ్రికాలోని దాని చుట్టం మొక్క వైపు మళ్లాయి. 1990లో అంతర్జాతీయ వన్యజాతుల వ్యాపార ఒప్పందమైన సైటిస్ రెండో జాబితాలోకి సర్పగంధి చేరింది. ఈలోగా చాలా అడవుల్లో అది వెతికితే తప్ప కనబడని మొక్క అయింది.

మన గురువు ఒక ఏడాదిలో ఎన్ని వేర్లు తవ్వి ఉంటాడు? తన ఊరికి, చుట్టుపక్కల ఊళ్లకు కావలసినన్ని. మొక్కను అడిగి, దండం పెట్టి, పక్కన ఇంకో మొక్క ఉందో లేదో చూసి తవ్వేవాడు. మూఢనమ్మకం అని కొట్టిపారేసేవాళ్లు ఉంటారు. కొత్తల పండుగ జరగందే కొత్త మామిడికాయ ముట్టకూడదన్న మన కట్టు సంగతి కూడా అంతే. పండుగ అయ్యేలోపు కాయ ముదిరి టెంక గట్టిపడుతుంది. దేవత పేరుతో పెట్టిన ఆ గడువు చేసిన పని, అటవీ శాఖ బోర్డు చేయలేకపోయింది. అయితే నిజం కూడా ఒప్పుకోవాలి: ఆ కట్టుబాటు ఊరి అవసరానికి సరిపడా అల్లుకున్నది. లారీ వచ్చి "ఎంతైనా తేండి, కిలో ఇంత" అన్నప్పుడు దాని బలం చాలలేదు. లారీకి దండం పెట్టే కట్టు మన పెద్దలు ఏర్పరచలేదు.

రాయలసీమ వైపు మారేడు గడ్డల కథ కూడా ఇదే దారి. నల్లమలలో చెంచులు, శేషాచలం వైపు యానాదులు రాళ్ల సందుల్లోంచి ఈ తీగ గడ్డలు తవ్వి తెస్తారు. ఎండాకాలంలో తాగే నన్నారి షర్బత్‌కు, ఊరగాయకు ఇవి పోతాయి. అది చల్లదనం ఇచ్చే మందని మనకు ముందే తెలుసు. తీగ మొదలు దగ్గర కొంత గడ్డ వదిలి, మట్టి కప్పి వస్తే మళ్లీ చిగురిస్తుంది. ఆ కొంత వదిలే ఓపిక కూలి లెక్కలో దొరకడం లేదు.

ఇక విశాఖ, గోదావరి మన్యంలో నరమామిడి. ఎముక విరిగితే దీని చెక్క నూరి కట్టు కట్టని ఇల్లు ఏజెన్సీలో లేదు. జిగట ఉండే ఈ చెక్క పొడినే అగరబత్తులకు వాడతారు. ఊరికి కావలసినంత చెక్క ఒక వైపు చిన్న ముక్క గీసుకుంటే వచ్చేది. అగరబత్తి పరిశ్రమకు కావలసినంత చెక్క రావాలంటే చెట్టు చుట్టూ ఒలవాలి, కొన్నిసార్లు నరికి పడేసి ఒలిచారు. ఎముకలు అతికించే చెట్టు ఇప్పుడు ఏజెన్సీలోనే వెతుక్కోవాల్సి వస్తోంది.

కేరళ కాణీల దగ్గర ఏం జరిగింది

మన రాష్ట్రం కాకపోయినా ఈ కథ మీరు తెలుసుకోవాలి. 1987లో అగస్త్యమలై కొండల్లో శాస్త్రజ్ఞులకు దారి చూపిన కాణీ తెగవాళ్లు నడుస్తూ చిన్న కాయలు నమిలి అలసట లేకుండా ఉన్నారు. ఆ మొక్క ఆరోగ్యపచ్చ. తిరువనంతపురం దగ్గరి వృక్షశాస్త్ర సంస్థ దాన్నుంచి జీవని అనే మందు తయారుచేసి 1995లో ఒక ఆయుర్వేద కంపెనీకి లైసెన్సు ఇచ్చింది. వచ్చిన దానిలో సగం కాణీలకు అని నిర్ణయించారు, వాళ్ల పేరు మీద ట్రస్టు పెట్టారు. తెగల జ్ఞానానికి వాటా ఇచ్చిన తొలి ఉదాహరణల్లో ఒకటిగా ప్రపంచం దీన్ని మెచ్చుకుంది.

కానీ కాణీలు తినేది కాయ, మందుకు కావలసింది ఆకు. ఆకు కోసం మొక్కలు లాగేస్తే రిజర్వు అడవిలో అది మిగలదన్న భయంతో అటవీ శాఖ సేకరణను అడ్డుకుంది. జ్ఞానానికి వాటా దొరికింది, మొక్క మీద హక్కు మాత్రం దొరకలేదు. రెండూ విడివిడిగా ఉంటే పని జరగదని కాణీల అనుభవం చూపించింది.

కాగితం మీద మన చేతిలో ఉన్నది

1996 పెసా చట్టం చిన్నతరహా అటవీ ఉత్పత్తుల మీద యాజమాన్యం గ్రామసభకు, పంచాయతీకి ఉండాలంది. 2006 అటవీ హక్కుల చట్టం ఇంకా స్పష్టంగా రాసింది. సంప్రదాయంగా సేకరించే ఉత్పత్తుల మీద యాజమాన్యం, సేకరించే, వాడుకునే, అమ్ముకునే హక్కు మనది. ఔషధ మొక్కలు, వేర్లు, దుంపలు, తేనె, మైనం, లక్క అని పేర్లు పెట్టి చెప్పింది. 2012 సవరణ నియమాలతో సరుకు రవాణా పర్మిట్టు ఇచ్చే అధికారం గ్రామసభ కమిటీకి వచ్చింది. 2013 నుంచి కనీస మద్దతు ధర పథకం మొదలైనప్పుడు తొలి జాబితాలోనే తపసి జిగురు ఉంది.

చాలామంది పట్టా గురించే మాట్లాడతారు. పోడు భూమికి పట్టా రావడం ముఖ్యమే. కానీ అదే చట్టంలోని అయిదో సెక్షన్ చదవండి. అడవిని, వన్యప్రాణుల్ని, జీవవైవిధ్యాన్ని కాపాడే అధికారం గ్రామసభకు ఇచ్చింది. అంటే ఈ ఏడాది ఈ కొండ మీద తపసి గీయొద్దు, ఈ వాగు పక్కన మారేడు గడ్డ తవ్వొద్దు, గింజ రాలేదాకా సర్పగంధి ముట్టొద్దు అని ఊరు తీర్మానం చేస్తే దానికి చట్టం బలం ఉంది. లారీకి దండం పెట్టే కట్టు లేదన్నాను కదా, అది ఇప్పుడు రాసుకునే వీలు ఇక్కడ ఉంది.

ఇంకో విషయం మీ తరం మీద పడింది. 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం మన జ్ఞానం, మన మొక్కలతో వ్యాపారం చేసే కంపెనీలు లాభంలో వాటా ఇవ్వాలి. 2023లో దాన్ని సవరించారు. గ్రంథాల్లో నమోదైన సంప్రదాయ జ్ఞానం వాడుకునేవాళ్లకు, సాగు చేసిన ఔషధ మొక్కలకు ఆ బాధ్యత నుంచి మినహాయింపు ఇచ్చారు. మన గురువుల జ్ఞానం గ్రంథాల్లో లేదు, నాలుక మీద ఉంది. నోటి జ్ఞానం మనదే అని చెప్పాలంటే ఊరి ప్రజా జీవవైవిధ్య రిజిస్టరులో అది ఉండాలి. అలాగని మందు చేసే విధానమంతా, మోతాదు అంతా రాసి ఎవరైనా చదివేలా పెట్టమని కాదు. ఏ మొక్క మన ఊళ్లో ఉంది, ఏ పేరుతో పిలుస్తాం, ఏ కొండ మీద ఎన్ని మిగిలాయి, ఎప్పటి నుంచి తగ్గాయి, ఇవి రాయాలి. గురువు రహస్యంగా ఉంచమన్నదాన్ని రహస్యంగానే ఉంచాలి. చాలా ఊళ్లలో ఈ రిజిస్టర్లు బయటి మనుషులు హడావిడిగా నింపిపోయారు. మీ ఊరిది తెరిచి చూడండి, అందులో మీ భాషలో ఒక్క మొక్క పేరైనా ఉందో లేదో.

అడవిని ఎవరూ ముట్టకుండా కంచె వేస్తే సరిపోతుందనే మాట కూడా వింటాం. 1993లో కర్ణాటక, కేరళ, తమిళనాడులో ఔషధ మొక్కల సంరక్షణ ప్రాంతాలు మొదలుపెట్టారు, తర్వాత మన వైపు మారేడుమిల్లిలో కూడా ఒకటి వచ్చింది. ఉన్న చోటే మొక్కను, దాని విత్తనాన్ని కాపాడే ఆలోచన మంచిదే. కానీ నాలుగు కొండల్లో ఒక కొండను కాపాడి మిగిలిన మూడింటిని లారీకి వదిలేస్తే ఆ ఒక్కదాని మీద ఎన్నాళ్లు ఆధారపడతాం? మిగిలిన మూడు కొండల లెక్క మన గ్రామసభదే.

2020లో కరోనా వచ్చినప్పుడు తిప్పతీగకు, నేలవేముకు ఉన్నట్టుండి గిరాకీ వచ్చింది. తిప్పతీగ ముక్క నాటినా బతుకుతుంది కాబట్టి తట్టుకుంది. రేపు గిరాకీ వచ్చేది ముక్క నాటితే బతకని వేరుకు కావచ్చు. సెల్‌ఫోనులో ధర చూసి బండి వేసుకుని వచ్చే వ్యాపారి ఈసారి సావుకారు పోలికలో ఉండడు, మనతో కలిసి చదువుకున్నవాడే కావచ్చు.

తపసి గింజలు ఏప్రిల్, మే నెలల్లో పండుతాయి. అడవికి నిప్పు తగలకముందే కొన్ని తెచ్చి, పాలిథిన్ సంచుల్లో ఇసుక కలిపిన మట్టిలో వేసి, తొలకరికి ఊరి వెనుక రాళ్లగుట్ట మీద నాటవచ్చు. మేకలు తినకుండా మొదటి రెండు మూడేళ్లు ముళ్లకంప కట్టాలి. జిగురు గీసే చుట్టుకొలత రావడానికి చాలా ఏళ్లు పడుతుంది, ఈ ఏడాది నాటినవి మీ పిల్లలు గీస్తారు.